వారమునకు ఒక గంట

తెలుగిండ్లలో బిడ్డ ఎదుగుదలను కొలుచుటకు ఒక పాత పద్ధతి కలదు. బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లు పంచుదురు. అడుగు వేసిన నాడు అరిసెలు. మాట పలికిన నాడు పంచదార చిలుకలు. ఇది వట్టి వేడుక యని మనము అనుకొందుము. కాని యోచించి చూచినచో, నేటి శిశువైద్యుడు తన బల్లమీద నుంచుకొను పట్టికకును ఈ పిండివంటల వరుసకును భేదము స్వల్పము. ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కవలెనో, ఇంచుమించుగా ఏ నెలలో ఎక్కవలెనో ఎరిగిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంటింటను ఉండిరి.

అయితే, అరిసెలు వండవలసిన నెల వచ్చి దాటిపోయినను బిడ్డ అడుగు వేయనిచో ఆ యింట ఏమి జరుగును? తరచుగా ఏమియు జరుగదు. "వాడి మేనమామ కూడా రెండేళ్ళు నిండాకగాని నడవలేదు" అని ఒకరందురు. "మాటలదేముంది, ఐదో ఏట అవే వస్తాయి" అని మరియొకరందురు. మేనమామ పోలిక యనునది తెలుగునాట ఎన్ని లోపములను కప్పి పెట్టినదో లెక్క లేదు.

శిశుసంరక్షణమును గూర్చి ప్రసంగించినపుడెల్ల మాకు వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న తప్పక యుండును. బిడ్డకు రెండున్నర యేండ్లు వచ్చినవి, పిలిచిన తిరిగి చూడడు, మాటలు లేవు, పెద్దలు ఓపిక పట్టుమనుచున్నారు, ఎంతకాలము పట్టవలెను అని. క్లుప్తముగా చెప్పవలెనన్న, ఓపిక పట్టవలసిన పని లేదు. ఎందుకు లేదో, ఓపిక పట్టుటకు మారుగా ఏమి చేయవలెనో చెప్పుటకు మాత్రము మేము కొంత దూరము పోవలసియున్నది. అమెరికాలోని ఐయోవాకును, మన హైదరాబాదునకును, అక్కడినుండి జమైకా ద్వీపమునకును పోయి రావలెను.

ఆలస్యముగా మాటలు వచ్చి, తరువాత చక్కగా మాటలాడిన పిల్లలు లేకపోలేదు. పెద్దలు చెప్పునది పూర్తిగా అబద్ధము కాదు. చిక్కేమనగా, రెండేండ్లు దాటియు మౌనముగానున్న పిల్లలలో ఎవరు తమంత తాము అందుకొందురో, ఎవరికి చెవి వినబడదో, ఎవరికి ఆటిజము కలదో, ఎవరి బుద్ధివికాసము మందగించినదో ఇంటివారి కంటికి తెలియదు. పరీక్షింపవలసినదే. పరీక్షించిన పిదప ఏ లోపమును లేదని తేలినచో ఒక పూట పని చెడును, అంతే. ఓపిక పట్టిన పిదప లోపమున్నదని తేలినచో గడచిన నెలలు తిరిగి రావు.

ఆ నెలలకు అంత విలువ ఎందుకనగా, శిశువు జన్మించునప్పటికి మెదడు పెద్దవారి మెదడులో సుమారు నాలుగవ వంతు ఉండును. మూడవ యేడు నిండునప్పటికి ఐదింట నాలుగు వంతులగును. ఆ కాలమున నాడీకణముల నడుమ లంకెలు మిక్కిలి వేగముగా ఏర్పడుచుండును. వానిలో వాడుకలో నున్నవి బలపడును. వాడుకలో లేనివి సడలిపోవును. శబ్దము వినబడని బిడ్డకు శబ్దమును గుర్తించు మార్గములు బలపడుటకు అవకాశము లేదు. అందుచేతనే శిశువునకు చెవి వినబడుచున్నదో లేదో మొదటి నెలలోపల పరీక్షింపవలెననియు, అనుమానము తగిలినచో మూడవ నెలలోపల నిర్ధారణ చేయవలెననియు, ఆరవ నెలలోపల సాయము ప్రారంభింపవలెననియు వైద్యులు గడువులు పెట్టుకొనిరి. మన యిండ్లలో బిడ్డ వెనుక పళ్ళెము మోగించి, తిరిగి చూచినాడు గదా యని తృప్తిపడుదురు. బిడ్డ చూచినది పళ్ళెపు చప్పుడునకు గాక, గోడమీద కదలిన నీడకు కావచ్చును.

థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయక పుట్టిన శిశువునకు గడువు ఇంకను తక్కువ. పుట్టిన రెండు వారములలోపల మాత్ర మొదలుపెట్టి మానక వాడినచో ఆ బిడ్డ సాధారణముగా తక్కిన పిల్లలవలెనే పెరుగును. నెలలు గడచిన పిదప అదే మాత్ర ఇచ్చినను మెదడునకు జరిగిన నష్టము పూర్తిగా తీరదు. ఆ మాత్ర ఖరీదైనది కాదు. వ్యత్యాసమంతయు అది ఇచ్చిన తేదీలోనే యున్నది. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను మనము పిల్లలను మందలించుటకే ఎక్కువగా వాడుదుము. బిడ్డను వంచుటకు గాక నిలబెట్టుటకు కూడ ఒక వయస్సు కలదని ఆ సామెతనుండి గ్రహించినవారు తక్కువ.

అయితే మాత్రతో తీరు లోపములు కొన్నియే. తక్కిన వాటికి చేయవలసినదేమి, చేయువారెవరు అను విషయమున మొట్టమొదట కొంత వెలుగు చూపినది ఒక విచిత్రమైన యుదంతము. 1930 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికా దేశమున ఐయోవా రాష్ట్రమందు హెరాల్డ్ స్కీల్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడుండెను. ఆ రాష్ట్రపు అనాథాశ్రమములోని పిల్లలను పరీక్షించుట ఆయన పనులలో నొకటి. ఆ ఆశ్రమమున పసిపిల్లలు తొట్లలో పడియుందురు. వేళకు పాలు పట్టుదురు, వేళకు గుడ్డలు మార్తురు. పలుకరించువారు, ఎత్తుకొని తిప్పువారు లేరు. ఉన్న దాదులు కొందరే, పిల్లలు అనేకులు. అక్కడ పదుమూడు నెలలది ఒకతె, పదునారు నెలలది ఒకతె, ఇరువురు ఆడుశిశువులు ఎట్టి ఎదుగుదలయు లేక కృశించియుండిరి. వీరిని ఎవరును పెంపకమునకు తీసికొనరని తలంచి, బుద్ధిమాంద్యము గల స్త్రీలనుంచు మరియొక సంస్థకు పంపివేసిరి.

కొన్ని నెలలకు స్కీల్స్ ఆ సంస్థకు పోగా, అక్కడ ఇద్దరు చిన్నపిల్లలు నవ్వుచు, అటునిటు తిరుగుచు, పెద్దలు పలుకరించిన బదులు పలుకుచు కనబడిరి. వారే వీరని ఆయన నమ్మలేకపోయెను. ఏ మందును ఇచ్చినవారు లేరు, ఏ పాఠమును చెప్పినవారు లేరు. ఆ వార్డులోని స్త్రీలు, లోకము మందబుద్ధులని ముద్రవేసి లోపల పెట్టిన స్త్రీలు, ఆ బిడ్డలను ఒడిలో పెట్టుకొని రోజంతయు ముచ్చటలాడిరి. ఒక్కొక్క బిడ్డకు నా యనుకొను మనిషి ఒకతె దొరకినది.

పిమ్మట మూడేండ్ల లోపు వయస్సుగల 13 మంది పిల్లలను అదేవిధముగా ఆ వార్డులకు పంపిరి. వారి సగటు ప్రజ్ఞాలబ్ధి 64 నుండి సుమారు 92కు పెరిగెను. అనాథాశ్రమమునందే ఉండిపోయిన 12 మందికి తొలుత సగటున 87 వరకు ఉండగా, అది సుమారు 60కి దిగజారెను. 1939లో ఈ విషయము ప్రకటింపగా శాస్త్రజ్ఞులలో పలువురు ఎగతాళి చేసిరి. బుద్ధి పుట్టుకతో వచ్చునది, అది పెరుగుటేమి, తరుగుటేమి అనునది నాటి నమ్మకము. పిల్లల సంఖ్య స్వల్పము, వారిని రెండు జట్లుగా విభజించిన పద్ధతి కట్టుదిట్టమైనది కాదు అను విమర్శలో న్యాయము లేకపోలేదు. కాని స్కీల్స్ దాదాపు పాతికేండ్ల తరువాత ఆ పిల్లలందరిని వెదకి పట్టుకొనెను. 1966లో ప్రకటించిన గ్రంథమున వారి వృత్తాంతము కలదు. వార్డునకు పోయిన 13 మందిలో 11 మందిని ఎవరో ఒకరు పెంచుకొనిరి. పదుమూడుగురును తమ కాళ్ళమీద తాము నిలిచి బ్రదుకుచుండిరి. ఆశ్రమమున మిగిలిన 12 మందిలో ఒకరు పడుచుదనమునకు ముందే ఒక సంస్థలో మరణించిరి. నలుగురు ఇంకను సంస్థలలోనే యుండిరి. వారికి అబ్బిన చదువు సగటున మూడవ తరగతికి చేరలేదు.

లెక్కల మాట అటుంచినను, ఆ బిడ్డలను బాగుచేసినవారెవరను సంగతి మరువదగినది కాదు. వారు చదువరులు కారు, నిపుణులు కారు.

ఇక ఆకలి సంగతి. దీనికి హైదరాబాదునకే రావలెను. నేడు జాతీయ పోషకాహార సంస్థ యని పేరొందిన పరిశోధనాలయమున చంపకం, శ్రీకాంతయ్య, గోపాలన్ అను శాస్త్రజ్ఞులు 1968లో ఒక పరిశోధనమును ప్రకటించిరి. పసితనమున మాంసకృత్తుల కొరతచే వచ్చు క్వాషియోర్కర్ వ్యాధికి లోనై, ఆసుపత్రిలో చికిత్స పొంది బ్రదికి, ఎనిమిది మొదలు పదునొకండేండ్ల వయస్సునకు వచ్చిన 19 మంది పిల్లలను వారు పరీక్షించిరి. ఈ వ్యాధి సోకని పిల్లలను, వయస్సున, కుటుంబస్థితిలో వీరికి సమానులైన వారిని ఏరి, వారితో పోల్చి చూచిరి. కాళ్ళవాపు తగ్గినది, ఒడలు నిండినది, కాని బుద్ధిపరీక్షలలో ఈ పిల్లలు వెనుకబడియే యుండిరి. ఉప్పుగల్లు, ఎర్రజుట్టు, ఉబ్బిన కాళ్ళు గల పసివాడు ఆసుపత్రినుండి నవ్వుచు ఇంటికి పోయిన నాడు కథ ముగిసినదని అందరు అనుకొందురు. ఏండ్ల తరువాత పలక ముందు కూర్చున్నపుడు మిగిలిన కథ బయటపడినది.

అయితే, తిండి పెట్టినచో సరిపోవునా? ఈ ప్రశ్నకు సమాధానము జమైకాలో దొరకినది. కరిబియన్ సముద్రమున ఆ ద్వీపము మన జిల్లాలలో పెద్దదాని పాటి దేశము. దాని రాజధాని కింగ్‌స్టన్. అక్కడి వెస్టిండీస్ విశ్వవిద్యాలయమున శాలీ గ్రాంథమ్ మెగ్రెగర్ అను వైద్యురాలు పోషణలోపముతో ఆసుపత్రికి వచ్చు పిల్లలతో ఎంతో కాలము పనిచేసెను. ఆకలి తగ్గిన తరువాతను ఆ పిల్లలు మందముగా, నిర్లిప్తముగా ఉండుట ఆమె చూచెను. వార్డులో ఆటలాడించి, ఇండ్లకు పోయిన పిదపను ఆట సాగించినచో మార్పు వచ్చుటయు చూచెను.

1986, 87 సంవత్సరములలో ఆమెయు, ఆమె సహచరులును కింగ్‌స్టన్‌లోని పేదవాడలలో తొమ్మిది నెలలు మొదలు రెండేండ్ల వయస్సుగల, వయస్సునకు తగిన పొడవు లేక గిడసబారిన పిల్లలను 129 మందిని ఎంచిరి. చీటీలు వేసిన తీరున నాలుగు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు వారమునకు ఒక కిలో చొప్పున పాలతో చేసిన పొడి ఆహారమునిచ్చిరి. ఒక జట్టునకు ఆహారము లేదు, ఆట కలదు. ఒక జట్టునకు రెండును కలవు. నాలుగవ జట్టునకు రెండును లేవు. ఈ ఏర్పాటు రెండేండ్లు సాగెను.

ఆ ఆట యెట్టిదో కొంచెము వివరముగా చెప్పుట అవసరము. ఏలయనగా అది వినుటకు చాల సామాన్యముగా ఉండును. వాడలోని ఆరోగ్యకేంద్రమున పనిచేయు సహాయకురాలు వారమునకొక తూరి ఇంటికి వచ్చును. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు. కొద్దిపాటి చదువు చదివి, స్వల్పకాలము శిక్షణ పొందినది. చేతిలో ఒక సంచి. సంచిలో ఖాళీ సీసాలతోను, అట్టపెట్టెలతోను, చెక్కముక్కలతోను, గుడ్డపేలికలతోను చేసిన బొమ్మలు, చేతితో గీసిన బొమ్మల పుస్తకములు. వచ్చినామె తల్లితో మాటలాడి, పోయిన వారపు ఆట ఏమైనదో అడుగును. పిదప ముగ్గురును నేలమీద కూర్చుందురు. ఒక డబ్బాలో ఒకటి వేయుట, తీయుట, పెద్దది, చిన్నది, పైన, క్రింద, కన్నేది, ముక్కేది. బిడ్డ ఒక శబ్దము చేసినచో ఆ శబ్దమును తిరిగి పలికి చూపుట. తెలిసినది చేసినపుడు మెచ్చుకొనుట. ఇంతే. గంట కాగానే ఆమె లేచి, ఒకటి రెండు బొమ్మలను అక్కడ వదలి, పోయినవారపు బొమ్మలను సంచిలో వేసికొని మరియొక యింటికి పోవును.

ఇందులో కీలకమొకటి కలదు. ఆమె వచ్చినది బిడ్డను ఆడించుటకు కాదు, తల్లి బిడ్డను ఆడించునట్లు చేయుటకు. వారమునకు 168 గంటలు. అందు ఒక గంటలో ఏ సహాయకురాలును బిడ్డను మార్చలేదు. మిగిలిన గంటలలో తల్లి వంట చేయుచు, నీళ్ళు తోడుచు, బట్టలుతుకుచు బిడ్డతో మాటలాడుట అలవాటైనపుడే మార్పు. తల్లికి తెలియదని దెప్పరాదనియు, తల్లి చేసిన దానిలో మంచిని ముందు మెచ్చుకొనవలెననియు సహాయకురాండ్రకు నేర్పిరి. మన వైద్యశాలలలో తల్లులను పలుకరించు తీరు ఎరిగినవారికి ఈ నియమము యొక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

రెండేండ్లు గడచునప్పటికి పాలు త్రాగిన పిల్లలును మెరుగుపడిరి, ఆడిన పిల్లలును మెరుగుపడిరి. రెండును పొందినవారు గిడసబారని పిల్లలను దాదాపుగా అందుకొనిరి. ఈ ఫలితములు 1991లో వెలువడెను. తరువాతి సంగతి ఇంకను గమనింపదగినది. ఏండ్లు గడచి పిల్లలు బడికి పోవు వయస్సు దాటునప్పటికి పాలవలన బుద్ధికి కలిగిన లాభము కనబడకుండ పోయెను. ఆటవలన కలిగిన లాభము నిలిచెను. ఇరువదేండ్ల తరువాత ఆ 129 మందిలో 105 మందిని మరల కనుగొనిరి. వారికి అప్పటికి సుమారు 22 ఏండ్లు. పసితనమున ఆడింపబడినవారి సంపాదన, ఆడింపబడనివారి సంపాదనకన్న నూటికి 25 వంతులు హెచ్చుగా నుండెను. గిడసబారని తోటివారి సంపాదనతో అది సమానమయ్యెను. 2014లో ఈ లెక్కను ప్రకటించినవారిలో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన జేమ్స్ హెక్మన్ కూడ నొకరు.

దీనినుండి పాలు వృథా యని ఎవరును తీర్మానింపరాదు. ఆకలిగొన్న బిడ్డకు అన్నము పెట్టుటకు పరిశోధనల అనుమతి అక్కరలేదు. బిడ్డకు అన్నము పెట్టి, బిడ్డతో మాటలాడుట మరచిన పథకము సగము పథకమని మాత్రము చెప్పవచ్చును.

ఇంకొక మాటయు దాచకుండ చెప్పవలెను. చిన్న ఎత్తున పండినది పెద్ద ఎత్తున అదేవిధముగ పండదు. ఈ జమైకా పద్ధతినే కొలంబియా దేశమున చాలమంది పిల్లలకు అమలుజరిపినపుడు తొలుత కొంత మేలు కనబడెను గాని, మరి రెండేండ్లకు చూడగా ఆ మేలు మిగులలేదు. సంచిని, బొమ్మలను, పాఠక్రమమును పంపిణీ చేయుట సులభము. వారము వారము తప్పక వచ్చి తల్లితో నేలమీద కూర్చుండు మనిషిని పంపిణీ చేయుట కష్టము. మా అభిప్రాయమున వైఫల్యము అక్కడనే ఉండును. మన పొరుగున ఒడిషా పల్లెలలో ఇదే పద్ధతిని పరీక్షించి 2020లో ప్రకటించిన ఫలితములు ఆశాజనకముగా ఉన్నవి. ఇంటింటికి పోయి నేర్పినను, తల్లులను కొందరిని కొందరిని ఒకచోట కూర్చుండబెట్టి నేర్పినను పిల్లల బుద్ధివికాసమునకు మేలు కలిగెను. గుంపుగా నేర్పుటకు ఖర్చు తక్కువయ్యెను. పది మంది తల్లులు ఒక అరుగుమీద చేరుట మన పల్లెలకు క్రొత్త గాదు.

మనకు అరుగులు కలవు, మనుషులును కలరు. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము నేడు సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రములుగా విస్తరించినది. ప్రపంచమున ఇంతటి యేర్పాటు అరుదు. కాని మూడేండ్లు నిండని బిడ్డకు ఆ కేంద్రముతో గల సంబంధమేమి? తూకము, టీకా, బాలామృతము సంచి. తల్లి వచ్చి సంచి తీసికొని పోవును. అది కింగ్‌స్టన్‌లోని పాలపొడి జట్టు వంటిది. ఆటకు వచ్చువరకు అంగన్‌వాడీ కార్యకర్తకు సమయము మిగులదు. రిజిస్టర్లు, సెల్‌ఫోనులో నింపవలసిన వివరములు, గ్రుడ్ల లెక్క, పాల లెక్క, అధికారులు అప్పగించు సర్వేలు. 2024లో కేంద్ర ప్రభుత్వము నవచేతన అను పేర పుట్టుక మొదలు మూడేండ్ల వరకు ఏ నెలలో బిడ్డతో ఏ ఆట ఆడవలెనో తెలుపు పాఠక్రమమును వెలువరించినది. అది మెచ్చదగినదే. ఆ కార్యకర్త దినములో ఏ పనిని తీసివేసి ఈ పనిని పెట్టుదురో కూడ అంత స్పష్టముగా చెప్పినచో మరింత మెచ్చుకొందుము.

ఇంతవరకు చెప్పిన కింగ్‌స్టన్ పిల్లలు పేదవారు. వైకల్యము గలవారు కారు. మస్తిష్క పక్షవాతము, డౌన్ సిండ్రోము, ఆటిజము, మేధోవైకల్యము గల పిల్లల విషయము వేరు. తొలినాటి సాయము డౌన్ సిండ్రోమును మాపదు. కాళ్ళ బిగువును మాయము చేయదు. ఆరునెలలలో నయము చేయుదుమని ప్రకటించువారి గుమ్మము త్రొక్కకుండుట ఉత్తమము. అయినను లెక్క మాత్రము అదే: వారమునకు ఒక గంట, మిగిలిన 167. బిగిసిన కాళ్ళు గల బిడ్డను ఎట్లు ఎత్తుకొనవలెను, ఎట్లు కూర్చుండబెట్టిన చేతులు వాడుటకు వీలగును, మింగుట కష్టమైన బిడ్డకు తల యెట్లుంచి అన్నము పెట్టవలెను — ఇవి చికిత్సకుడు తల్లికి చూపునవి, చేయునది తల్లి. చంక కెత్తుకొను తీరు సరియైనదైనచో రోజున ఇరువది మారులు ఎత్తుకొనుటయే ఇరువది మారులు చికిత్స. ఈ సాయము తొలి యేడాదిలోనే అందిన బిడ్డకు కీళ్ళు బిగిసిపోవుట తగ్గును, తన అవసరమును సైగతోనైనను తెలుపుట వచ్చును. పదవ యేట తన అన్నము తాను తినగలిగిన బిడ్డకును, తినలేని బిడ్డకును గల భేదము ఆ తల్లిని అడుగవలెను.

పేదరికము, వైకల్యము తరచుగా ఒకే గడపలో నుండును. కూలికి పోవు తల్లి బిడ్డను ఎనిమిదేండ్ల అక్కకు అప్పగించి పోవును. తల్లికి ప్రేమ లేక కాదు, పూట గడువక. అట్టి యింటిలోని అక్కకు, అవ్వకు ఈ ఆటలు నేర్పినను ఫలించును. కొబ్బరిచిప్పలు, మూత గట్టిగా బిగించిన డబ్బాలో గలగలలాడు గింజలు, తాటాకు బొమ్మ, గుడ్డబొమ్మ ఇవి చాలును. ఇంకొక ఉపకరణము నేడు ప్రతియింట నున్నది. బిడ్డ ఏడ్చినచో సెల్‌ఫోను చేతికిచ్చి ఊరకుంచుచున్నారు. ఏడాది నిండని బిడ్డకు ఆ తెరను చూపనేరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. అది ఎన్ని పాటలు పాడినను బిడ్డ ఉంగా యన్నపుడు తిరిగి ఉంగా యనదు. ఆ మాటకు వచ్చినచో రేడియో గూడ అనదు. ఈ సంగతి మేమే చెప్పుట న్యాయము.

ఇక ఉత్తరములు వ్రాసిన తల్లిదండ్రులకు. రెండు నెలలు నిండినను ముఖము చూచి నవ్వని బిడ్డను, నాలుగు నెలలకు మెడ నిలుపని బిడ్డను, తొమ్మిది నెలలకు ఆనిక లేక కూర్చుండని బిడ్డను, ఏడాదికి పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడని బిడ్డను, పదునెనిమిది నెలలకు నడువని బిడ్డను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకని బిడ్డను వైద్యునికి చూపవలెను. వచ్చిన మాటలు పోయినచో, వచ్చిన నడక తప్పినచో ఏ వయస్సునందైనను ఆలస్యము కూడదు. ప్రసవమప్పుడు వెంటనే ఏడ్వని శిశువును, నెలలు నిండకపుట్టిన శిశువును, తూకము బాగుగా తక్కువైన శిశువును ఏ లోపమును కనబడకున్నను మొదటి రెండేండ్లు అప్పుడప్పుడు చూపుచుండవలెను.

ఎక్కడ చూపవలెనన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపవచ్చును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించుచున్నవి. అనుమానము కలిగినవారిని జిల్లా కేంద్రములలోని సత్వర చికిత్సా కేంద్రములకు పంపుదురు. అక్కడ శిశువైద్యుడు, కండరముల చికిత్సకుడు, మాట నేర్పువారు, చెవిని పరీక్షించువారు ఒకేచోట నుండునట్లు ఏర్పాటు. కొన్నిచోట్ల ఈ కొలువులు ఖాళీగా నుండుట నిజమే. అట్టి జిల్లాలవారు అడిగి పై ఆసుపత్రికి చీటి వ్రాయించుకొనవలెను. సికింద్రాబాదులోని మనోవికాస్ నగరున 1984లో వెలసిన జాతీయ సంస్థ మేధోవైకల్యము గల పిల్లలకు పసితనమునుండియు శిక్షణ యిచ్చుచు, తల్లిదండ్రులకు నేర్పుచున్నది.

పోవునపుడు మాతాశిశు సంరక్షణ కార్డును వెంట తీసికొని పోవలెను. అందు టీకాల పట్టికయే కాక, ఏ నెలకు ఏ ఎదుగుదల రావలెనో బొమ్మలు కలవు. ఎవరు పెంచుచున్నారో వారు, అవ్వ యైనను సరే, వెంట పోవుట మేలు. అడుగు ప్రశ్నలకు బదులు వారికే తెలియును. బిడ్డకు కడుపు నిండి, నిద్ర తీరి, ఆటమీద నున్న వేళకు తీసికొని పోయినచో పరీక్ష సరిగా జరుగును. చెవిపరీక్షకు మాత్రము బిడ్డ నిద్రించు వేళయే అనుకూలము.